నూనె సీసా మీద గీత

తాండూరులో ఉద్యోగంలో చేరిన మొదటి వారం కనిపించిన ప్రతివాళ్ళూ నన్ను అడిగింది ఒకటే: "కలెక్టర్ ఎప్పుడొస్తడు సారూ?"

ఆ ప్రశ్న పుట్టడానికి కారణం మేమే. ఊరి బయట నాపరాయి గనుల పక్కన రేకుల షెడ్డు వేసి, మా ఆఫీసు వాళ్ళు అందులో చిన్న ప్రయోగశాల పెట్టారు. మంచి బండలన్నీ ఇళ్ళ అరుగులకూ గచ్చులకూ రైలెక్కి పోయేవి. పనికిరాని రాయి గుట్టలుగా మిగిలేది. ఆ రాతిలో సున్నంతో పాటు ఇసుక ఎక్కువ. ఇసుకను విడదీయగలిగితే సిమెంటుకు పనికొస్తుందేమో చూడమని మమ్మల్ని పంపారు. మేము చేసే పని ఇంతే. రాయిని పిండిలా నూరి, కాస్త కాస్టిక్ సోడా వేసిన నీళ్ళలో కలిపేవాళ్ళం. అందులో ఓలిక్ ఆమ్లమనే నూనెలాంటి మందు కొన్ని చుక్కలు వేసి, గిరగిరా తిప్పుతూ అడుగు నుంచి గాలి ఊదేవాళ్ళం. నురుగు పొంగేది. సున్నపురాయి పొడి నురుగెక్కి పైకొచ్చేది, ఇసుక అడుగున ఉండిపోయేది. ఆ మందును మా పుస్తకాల్లో కలెక్టర్ అంటారు, రాతి రేణువులను ఏరి తెచ్చేది కాబట్టి.

మా పెద్ద కెమిస్టు గోదావరి వైపు నుంచి వచ్చినాయన. గొంతు పెద్దది. "కలెక్టర్ సరిగ్గా పనిచెయ్యట్లేదయ్యా! కలెక్టర్ని ఇంకాస్త వెయ్యి!" అని ఆయన లోపల కేకలు వేస్తే బయట రాళ్ళు కొట్టేవాళ్ళకు వినిపించేది. జిల్లా కలెక్టరు వచ్చి భూములు కొలుస్తాడనీ, గనుల చుట్టూ ఉన్న మెట్ట చెలకలన్నీ సర్కారు తీసుకుంటుందనీ ఊళ్ళో పుకారు లేచింది. మేము రాళ్ళు ఏరడానికి చెలకల్లోకి వెళితే రైతులు గట్టు మీద నిలబడి, మేము వెళ్ళిపోయేదాకా కదిలేవాళ్ళు కాదు.

నన్ను ఆ ప్రశ్న మొదట అడిగింది మా షెడ్డులో పనిచేసే ఆమె. నలభై దాటిన మనిషి. యాలాల్ వైపు ఒక పల్లె. గొర్రెల కాపరుల కుటుంబం. భర్త మందతో ఊళ్ళు తిరుగుతుంటే ఆమె మా దగ్గర గిన్నెలు కడిగేది, రాళ్ళు దంచేది, నీళ్ళ సంగతి చూసేది. కలెక్టరంటే మనిషి కాదు, సీసాలో ఉన్న మందు అని నేను చెప్తే నమ్మలేదు.

"సీసల కలెక్టరా? నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నవా సారు?"

అప్పుడు ఆమె భుజం మీది గొంగడి అడిగి తీసుకుని, దాని మీద చెంబుతో నీళ్ళు పోశాను. నీళ్ళు పూసల్లా దొర్లి కిందపడ్డాయి. ఇందులో వింతేముందన్నట్టు చూసింది.

"గొర్రె పెయ్యి మీద నూనె ఉంటది. గందుకే ఉన్నికి నీళ్ళు పట్టయి."

"మేము రాయికి చేసేది కూడా గిదే" అన్నాను. ఈ మందు సోడా నీళ్ళలో పడితే సబ్బవుతుంది. దాని ప్రతి కణానికీ రెండు కొసలు. ఒక కొసకు సున్నమంటే ప్రాణం. సున్నపురాయి రేణువు కనబడితే చాలు, దాని మీద ఉన్న కాల్షియాన్ని గట్టిగా కరుచుకుంటుంది. రెండో కొసకు నీళ్ళంటే గిట్టదు. అది బయటికి, ఉన్ని వెంట్రుకలా నిలబడుతుంది. అలాంటి కణాలు వేలకొద్దీ పట్టుకున్నాక ఆ రేణువుకు నీళ్ళు అంటవు. గాలి బుడగ వచ్చి తగిలితే అతుక్కుని దానితో పాటు పైకి పోతుంది. ఇసుక మీద కాల్షియం లేదు కాబట్టి మందు దాన్ని పట్టదు. అది తడిగానే ఉండి మునుగుతుంది.

ఆమె నవ్వింది. "అంటె రాయికి గొంగడి కప్పుతున్నరు."

పెద్ద కెమిస్టుకు ఈ మాట చెప్పాను. ఆయన నవ్వలేదు. "పనివాళ్ళతో అంత చనువు పనికిరాదు" అన్నాడు.

ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు. నలభై ఎనిమిదిలో నాకు పదేళ్ళు. నిజాం పాలన చివరి గొడవల్లో మర్పల్లి దగ్గరి మా ఊరు వదిలి, ఎద్దుబండిలో వికారాబాద్ వచ్చి అద్దె ఇంట్లో దిగాం. ఆ ఏడాది తలుపు తట్టింది ఎవరైనా సరే, గొంతు గుర్తుపట్టేదాకా అమ్మ గడియ తీసేది కాదు. ఇరవై ఏళ్ళు మా దగ్గర దున్నిన జీతగాడు ఊరి నుంచి మమ్మల్ని చూడ్డానికి వస్తే, నిన్నెవరు పంపారని అడిగి నాన్న వాణ్ణి వాకిట్లోంచే తిప్పి పంపాడు. రోజులు బాగుపడ్డా మా ఇంట్లో ఆ అలవాటు పోలేదు. "ఎవరి కడుపుల ఏమున్నదో మనకేం ఎర్క కొడుకా" అనేది అమ్మ. నేను ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి.

మొదటి రెండు నెలలు పని బాగా సాగింది. నురుగు తెల్లగా, చిక్కగా పొంగేది. దాన్ని గీకి ఆరబెట్టి, యాసిడ్‌లో కరిగించి, కరగకుండా మిగిలిన ఇసుకను తూచేవాణ్ణి. చాలా తక్కువ మిగిలేది. పెద్ద కెమిస్టు హైదరాబాద్‌కు ఉత్సాహంగా ఉత్తరాలు రాశాడు.

మూడో నెలలో ఉన్నట్టుండి చెడింది. ఒకరోజు నురుగు పొంగకుండానే విరిగిపోయింది. నీళ్ళ మీద విరిగిన పాల తరకల్లాంటివి తేలాయి. పైకి వచ్చిన కాస్తలోనూ సగం ఇసుకే. మర్నాడు మళ్ళీ బాగానే వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ పాడైంది. అదే రాయి, అదే మందు, అన్నే చుక్కలు.

పెద్ద కెమిస్టు నన్ను పిలిచి, కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఇసుక నురుగులోకి దానంతటదే ఎక్కదు కదయ్యా. ఎవరో నమూనాలు మారుస్తున్నారు. లేదంటే సీసాలో ఏదో కలుపుతున్నారు. లేదంటే నువ్వు చుక్కలు సరిగ్గా లెక్కపెట్టట్లేదు. మూడింట్లో ఏదో తేల్చి చెప్పు."

మూడోది కాదని నేను రుజువు చెయ్యాలి. అందుకని మొదటి రెండింటి వెంట పడ్డాను. షెడ్డులోకి వచ్చే మనుషులు నలుగురే. పెద్ద కెమిస్టు, నేను, ఒక ముసలి చౌకీదారు, ఆమె. చౌకీదారు గేటు దగ్గరి కుర్చీ వదిలి లోపలికి వచ్చేవాడు కాదు.

సీసాకు అంటించిన కాగితం మీద మందు ఎంతవరకు ఉందో పెన్సిలుతో సన్నగా గీత గీశాను. మూత చుట్టూ నల్లదారం ఒక చుట్టు చుట్టాను. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాణ్ణి. దారం కదిలేది కాదు. మందు నేను వాడినంతే తగ్గేది. అనుమానం ఉన్నవాడికి అది కూడా రుజువే. మందు అంతకు మించి తగ్గడం లేదంటే, తీసుకున్నంత మేర ఇంకేదో పోస్తోందన్నమాట అనుకున్నాను. తగ్గితే దొంగతనం, తగ్గకపోతే కల్తీ. ఆమె తప్పించుకునే దారి నేనే మూసేశాను.

ఆమె తలకు కుసుమనూనె రాసుకునేది. ఆ వాసన షెడ్డులో కొంచెం తగిలినా ఆగిపోయి పీల్చేవాణ్ణి. కుసుమనూనె కలిపితే మందు పనిచేయదని నాకు తెలుసు. మామూలు నూనె సోడా నీళ్ళలో అంత సులువుగా సబ్బు కాదు, రాయిని పట్టుకోదు. అయితే ఈ మందు ఆమెకెందుకు? దానికీ జవాబు దొరికింది. ఉన్ని మిల్లుల్లో వడికే ముందు ఉన్నికి ఓలిక్ ఆమ్లం పట్టిస్తారని ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. ఆమె ఇంట్లో ఉన్ని వడుకుతారు. ఇంకేం కావాలి? ఆ పేజీ కింద గీత కూడా గీసుకున్నాను.

మళ్ళీ నురుగు విరిగిన రోజు మధ్యాహ్నం, పెద్ద కెమిస్టు ఎదుట, చౌకీదారు ఎదుట, నీళ్ళు తాగడానికి వచ్చిన నలుగురు రాళ్ళు కొట్టేవాళ్ళ ఎదుట ఆమెను అడిగాను.

"సీసలకెళ్ళి నూనె ఎన్ని రోజుల సంది తీస్తున్నవమ్మా?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. "ఏ నూనె సారు?"

"ఉన్నికి రాసే నూనె. తీసి దాంట్ల కుసుమనూనె పోస్తున్నవు."

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. రాళ్ళు కొట్టేవాళ్ళు నీళ్ళు తాగడం ఆపారు. ఆమె తన సద్దిమూట తెచ్చి, విప్పి, నా ముందు బండ మీద కుమ్మరించింది. రెండు జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు, తమలపాకులు.

"చూస్కో. ఉన్నికి నూనె నేను రాస్తనా? గొర్రె మీదనే ఉంటదని నీకు చెప్పింది ఎవరు సారు? నేనే గదా. కడిగినా పోతలేదు గా నూనె, ఇంక పైకెళ్ళి రాస్తరా ఎవరన్న?"

పెద్ద కెమిస్టు గొంతు సవరించుకుని, "రేపట్నించి రావద్దని చెప్పవయ్యా" అని లోపలికి వెళ్ళిపోయాడు. నేను చెప్పక్కర్లేకపోయింది. ఆమె రొట్టెలు ఏరి మూట కట్టుకుని గేటు దాటింది. చౌకీదారు ఆమె కోసం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మా కోసం ఎన్నడూ అలా లేవలేదు.

ఆమె వెళ్ళాక పని బాగుపడాలి. ఇంకా పాడైంది. ఇదివరకు నాలుగైదు రోజులకోసారి విరిగే నురుగు ఇప్పుడు రోజూ విరిగింది. సీసా ముందే కల్తీ అయిందనుకున్నాం. హైదరాబాద్ నుంచి కొత్త సీసా వచ్చింది, మూతకు లక్క కూడా చెక్కుచెదరలేదు. దానితోనూ అంతే. అయితే అమ్మినవాడే కల్తీ సరుకు ఇచ్చాడన్నాం. పెద్ద కెమిస్టు నా చుక్కలు తనే దగ్గర నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను తూచిన ఇసుకను మళ్ళీ తూచేవాడు. ఒకరోజు నా బల్ల సొరుగు ఎవరో తెరిచి చూసిన గుర్తు కనబడింది. ఎవరో అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు.

ఆ రోజుల్లో షెడ్డు వెనక గదిలో నేనే వండుకునేవాణ్ణి. ఇంతకుముందు ఆమె పొయ్యి మీద పడేసి వెళ్ళే పప్పు ఇప్పుడు నేను చేసుకోవాలి. గంటన్నర మరిగించినా కందిపప్పు గుండ్లలాగే ఉంది. మూడు రోజులు అదే వరస. దుకాణదారు పాత పప్పు అంటగట్టాడని నిశ్చయించుకుని, మిగిలిన పప్పు సంచితో సహా పట్టుకుని బజారుకు వెళ్ళాను.

దుకాణదారు పప్పు అరచేతిలో పోసుకుని చూశాడు. పళ్ళతో ఒకటి కొరికాడు. తర్వాత నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"తాండూరుల నిలవడి తాండూరు కందిపప్పు ఉడకదంటవా? ఏ నీళ్ళు పోస్తున్నవు?"

"గని దగ్గరి బాయి నీళ్ళు."

"గా బాయి నీళ్ళల్ల దినమంత కాగబెట్టినా ఉడకది. బట్టల సబ్బు పెడితె నురుగే రాదు. గది సున్నపు నీళ్ళు. కాగ్నా వాగు నీళ్ళు పొయ్యి. పప్పు ఉడకకుంటె వాపస్ తీస్కుంట."

సంచి పట్టుకుని బజారు మధ్యలో నిలబడిపోయాను. సబ్బు పెడితే నురుగు రాదు. మేము రోజంతా చేసేది సబ్బుతో నురుగు తెప్పించే పని. పైగా ఈ మాట నేను వినడం మొదటిసారి కాదు. నేను చేరిన కొత్తలోనే ఆమె చెప్పింది: "బాయి నీళ్ళు ఒద్దు సారు, గవి మంచియి గావు. మా మరిది బండి మీద పీపాతోని వాగు నీళ్ళు తెస్తడు." తెస్తే తేనీ అన్నాను. బండి రాని రోజున ఏం చెయ్యాలని అడిగితే, బావివే పట్టు, మనం తాగుతామా ఏమన్నా అన్నాను.

మూడో నెల నుంచి ఆ బండి నాలుగైదు రోజులకోసారి తప్పేది. ఆమె వెళ్ళిన రోజు నుంచి అసలు రాలేదు. చౌకీదారు రోజూ బావి నీళ్ళే తోడుతున్నాడు.

వాగుకు వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చి, షెడ్డులో రెండు సీసాల్లో రెండు రకాల నీళ్ళు పోసి, ఒక్కో సబ్బుముక్క వేసి ఊపాను. వాగు నీళ్ళలో నురుగు మూత దాకా ఎగబాకింది. బావి నీళ్ళలో తెల్లటి తరకలు విరిగాయి. మా తొట్టిలో చూసినవే. ఇక మిగిలింది అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. సున్నపురాళ్ళ మధ్య ఊరిన ఆ నీళ్ళ నిండా కాల్షియమే. మా మందు రాయిని చేరకముందే నీళ్ళలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటోంది. రాయి మీద కప్పుకోవాల్సింది తరకలై తేలిపోతోంది. అదొక్కటే కాదు. ఆ కాల్షియం పోయి ఇసుక మీద కూడా కూర్చుంటోంది. మిగిలిన కాస్త మందూ ఇసుకను చూసి సున్నమని పొరబడి పట్టుకుంటోంది. నురుగులోకి ఇసుక ఎలా వచ్చిందని ఇన్నాళ్ళూ మనుషులను వెతికాం. నమూనాలు ఎవరూ మార్చలేదు. సీసాలో ఎవరూ ఏమీ పోయలేదు.

మరుసటి రోజు సైకిలు తీసుకుని యాలాల్ దారి పట్టాను. పల్లెలో అడిగితే గొర్రెల దొడ్డి చూపించారు. ఆమె ఉన్ని ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. నా వెనక దారిలోకి చూసింది.

"పోలీసోళ్ళను యాడ నిలవెట్టినవు సారు?"

"పోలీసులెవ్వరు లేరు. నేనొక్కన్నే వచ్చిన."

"గిప్పుడేం పోయింది మీ షెడ్డుల?"

నీళ్ళ సంగతి చెప్పాను. దుకాణం, పప్పు, సీసాలు, అన్నీ. ఆమె వింటూ ఉన్నిలోని పల్లేరుకాయలు ఏరి పక్కన పెడుతూనే ఉంది. అంతా విని అంది:

"గదే నేను చెప్తి గదా."

"చెప్పినవు. నేను వినలే. తప్పయింది."

"ఈడ తప్పయిందంటె ఎవలు విన్నరు? నా గొర్లు విన్నయి. దొంగనన్నప్పుడు అందరి ముంగట అన్నవు. గీ మాట గూడ వాళ్ళ ముంగటనే చెప్పు. నేనొస్త."

మూడు రోజుల తర్వాత మరిది బండి మీద వచ్చింది. రాళ్ళు కొట్టేవాళ్ళను చౌకీదారే పిలుచుకొచ్చాడు. పెద్ద కెమిస్టు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, వద్దనలేదు. చెప్పాను. ఆమె దొంగతనం చెయ్యలేదు, తప్పు బావి నీళ్ళది, ఆ నీళ్ళు వద్దని ఆమె ముందే చెప్పింది, నేనే వినలేదు అని. ఒక ముసలాయన "మంచిదే" అని సుత్తి తీసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ పనిలోకి రమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "రేపు ఇంకోటి పోతె మల్ల నా మూటనే ఇప్పాలె. ఒద్దు సారు." నీళ్ళ పీపా మాత్రం దించి వెళ్ళమని మరిదికి చెప్పింది.

ఆ తర్వాత పని చక్కబడింది. వాగు నీళ్ళు వాడాం. లేనప్పుడు బావి నీళ్ళలో ముందుగా చాకలి సోడా కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట వాడాం. నురుగు మళ్ళీ తెల్లగా పొంగింది.

నెలాఖరుకు పెద్ద కెమిస్టు హైదరాబాద్‌కు నివేదిక రాస్తూ నన్ను పిలిచాడు. నీళ్ళ గురించి ఒక పేజీ రాశాడు, బాగా రాశాడు. కలం ఎత్తి అడిగాడు: "నీటి తేడా వల్ల అని మొదట పట్టుకున్నదెవరని రాయమంటావు?"

నా ఉద్యోగం అప్పటికి పర్మనెంటు కాలేదు. ఆ నివేదిక చదివేవాళ్ళే దాని సంగతి తేల్చాలి. గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు కాబట్టి ఆయనకు తెలియనిదేమీ లేదు. అందుకే అడుగుతున్నాడనిపించింది. నన్ను పరీక్షిస్తున్నాడా, నాకు మేలు చేస్తున్నాడా అన్నది తేల్చుకోలేకపోయాను.

"నేనే సార్" అన్నాను.

ఆయన కళ్ళద్దాల మీదుగా ఒక్క క్షణం చూసి, రాసుకున్నాడు.

రెండేళ్ళకు షెడ్డు మూసేశారు. మంచి సున్నపురాయి వేరేచోట్ల తేలిగ్గా దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకన్నారు. నేను వికారాబాద్ హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. ఒక ఆదివారం తాండూరు సంతలో ఆమె ఎదురైంది. ఉన్ని అమ్ముకుంటోంది. బాగున్నావా అని తనే పలకరించింది. షెడ్డు మూసేశారని చెప్పాను.

"మరి గా నీళ్ళ సంగతి పెద్దోళ్ళకు రాసినరా?"

"రాసినం."

"మంచిగైంది. ఇంకెవ్వలను దొంగలంటరో అనుకున్న" అని, బేరానికి వచ్చిన మనిషి వైపు తిరిగింది.

అందులో ఎవరి పేరు రాశారని ఆమె అడగలేదు. నేను కాసేపు అక్కడే నిలబడి, బేరం తెగకముందే స్టేషన్ వైపు నడిచాను.